ఏ ఫోన్‌కు ఏ ట్యాగ్

తాళాల గుత్తికి తగిలించుకోవడానికో, పర్సులోనో సూట్‌కేసు లోపలి జేబులోనో పడేసుకోవడానికో వాడే చిన్న పరికరం బ్లూటూత్ ట్రాకర్. చాలావరకు పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. వాడుకలో దీన్ని ట్యాగ్ అంటున్నారు. తాళాలు ఇంట్లోనే ఎక్కడో పడి కనిపించకపోతే, ఫోన్‌లో నొక్కగానే ట్యాగ్ కూత పెడుతుంది. బస్సులోనో విమానాశ్రయంలోనో బ్యాగు తప్పిపోతే, అది ఎక్కడుందో మ్యాపులో చూపిస్తుంది.

బ్లూటూత్ లేని స్మార్ట్‌ఫోన్ ఇప్పుడు లేదు. ఒక కంపెనీ ఇయర్‌ఫోన్లు మరో కంపెనీ ఫోన్‌తో చక్కగా పనిచేస్తాయి. ట్యాగుల దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తప్పుతుంది. యాపిల్ ఎయిర్‌ట్యాగ్‌ను ఆండ్రాయిడ్ ఫోన్‌లో నమోదు చేయడమే కుదరదు. సామ్‌సంగ్ ట్యాగ్ షావోమీ ఫోన్‌లో పనిచేయదు. ఇయర్‌ఫోన్‌కు కావలసింది యజమాని ఫోన్ ఒక్కటే. ట్యాగ్‌కు మాత్రం ఊళ్లో వాళ్ల ఫోన్ల సాయం కూడా కావాలి. ఏ ఫోన్లు ఏ ట్యాగ్‌కు సాయపడతాయన్నది ఆయా కంపెనీలు ఏర్పరచుకున్న నెట్‌వర్కును బట్టి ఉంటుంది.

దారినపోయే ఫోన్ల సాయం

ట్యాగ్‌లో సాధారణంగా జీపీఎస్ ఉండదు. సిమ్ కార్డు ఉండదు, ఇంటర్నెట్ ఉండదు. లారీలకూ అద్దె కార్లకూ బిగించే జీపీఎస్ ట్రాకర్లలో ఇవి ఉంటాయి కాబట్టే వాటికి తరచూ చార్జింగూ, నెలనెలా రీచార్జీ అవసరమవుతాయి. బ్లూటూత్ ట్యాగ్‌లో ఉండేది ఒక చిన్న చిప్, స్పీకరు, బటన్ బ్యాటరీ. తాను ఎక్కడుందో దానికే తెలియదు. కొద్ది క్షణాలకోసారి ‘నేనిక్కడున్నాను’ అన్నట్టు ఒక చిన్న రేడియో సంకేతాన్ని వదలడమే దాని పని. ఇందుకు వాడేది బ్లూటూత్ లో ఎనర్జీ అనే పద్ధతి. 2010లో బ్లూటూత్ 4.0 ప్రమాణంతో వచ్చిన ఈ పద్ధతిలో కరెంటు ఖర్చు చాలా తక్కువ. అందుకే ఒక్క బటన్ బ్యాటరీతో ఏడాది గడిచిపోతుంది.

ఆ సంకేతం గోడలున్న ఇంట్లో పది మీటర్ల దాకా, ఆరుబయట అంతకు ఎన్నో రెట్లు దూరం పోతుంది. యజమాని ఫోన్ ఆ పరిధిలో ఉన్నంతసేపు ఎవరి సాయమూ అక్కర్లేదు. పరిధి దాటాక దారినపోయే దానయ్య ఫోనే దిక్కు. ట్యాగ్ పక్కనుంచి వెళ్లే ఫోన్ ఆ సంకేతాన్ని వింటుంది. తాను అప్పుడు ఎక్కడుందో జీపీఎస్ ద్వారా తెలుసుకుని, ఆ వివరాన్ని కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. యజమాని యాప్ తెరిస్తే మ్యాపులో చుక్క కనిపిస్తుంది. ఇదంతా ఆ దానయ్యకు తెలియకుండానే జరిగిపోతుంది.

ఇందులో గోప్యతకు చేసిన ఏర్పాటు గట్టిదే. యాపిల్ పద్ధతిలో ట్యాగ్ వదిలే సంకేతంలో ఒక తాళం ఉంటుంది, అది కొంత సమయానికోసారి మారుతుంటుంది. సంకేతం విన్న ఫోన్ తన స్థానాన్ని ఆ తాళంతో బిగించి పంపుతుంది. తెరిచే చెవి యజమాని ఫోన్‌లోనే ఉంటుంది. మధ్యలో ఉన్న కంపెనీకి గానీ, సాయపడిన వ్యక్తికి గానీ ఆ స్థానం ఏ వస్తువుదో తెలియదు. గూగుల్ కూడా ఇలాంటి ఏర్పాటే చేసుకుంది. కానీ ఐఫోన్ గూగుల్ ట్యాగుల జాడను చేరవేయదు, ఆండ్రాయిడ్ ఫోన్ యాపిల్ ట్యాగుల జాడను చేరవేయదు.

యాపిల్ దారి

ఎయిర్‌ట్యాగ్ 2021 ఏప్రిల్‌లో వచ్చింది. భారత్‌లో అప్పటి ధర రూ.3,190. దీన్ని నమోదు చేసుకోవాలంటే ఐఫోన్ గానీ ఐప్యాడ్ గానీ ఉండాలి. తొలితరం ఎయిర్‌ట్యాగ్‌కు ఐఫోన్‌లో కనీసం ఐఓఎస్ 14.5 ఉంటే చాలు. యాపిల్ ఖాతాకు రెండంచెల భద్రత పెట్టుకుని ఉండాలి. జాడ చూసేది ‘ఫైండ్ మై’ యాప్‌లో. దాని వెనుక ఉన్న నెట్‌వర్కులో ప్రపంచవ్యాప్తంగా కోట్లాది యాపిల్ పరికరాలున్నాయి.

ఈ నెట్‌వర్కును యాపిల్ 2021లోనే ఇతర తయారీదారులకూ తెరిచింది. ‘వర్క్స్ విత్ యాపిల్ ఫైండ్ మై’ అన్న ముద్ర ఉన్న ట్యాగ్ ఏ కంపెనీదైనా ఐఫోన్‌తో కలుస్తుంది, ఎయిర్‌ట్యాగ్‌కు సాయపడే ఫోన్లే దానికీ సాయపడతాయి. ఇవి ఎయిర్‌ట్యాగ్ కంటే చవగ్గానే దొరుకుతాయి. ఎయిర్‌ట్యాగ్‌లో ఉన్న ఒక సదుపాయం మాత్రం వీటిలో సాధారణంగా ఉండదు. దాని సంగతి తరువాత వస్తుంది.

సామ్‌సంగ్ దారి

సామ్‌సంగ్ తన గెలాక్సీ స్మార్ట్‌ట్యాగ్‌ను 2021 జనవరిలో, ఎయిర్‌ట్యాగ్ కంటే ముందే ప్రకటించింది. 2023 అక్టోబరులో స్మార్ట్‌ట్యాగ్2 వచ్చింది. దాని బ్యాటరీ మామూలు వాడకంలో 500 రోజుల వరకు, పొదుపు పద్ధతిలో 700 రోజుల వరకు వస్తుందని కంపెనీ చెబుతుంది.

కొనేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. సామ్‌సంగ్ ఫోన్ నడిచేది ఆండ్రాయిడ్ మీదే కాబట్టి ఆ ట్యాగ్ అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకూ సరిపోతుందనుకుంటారు. సరిపోదు. స్మార్ట్‌ట్యాగ్ సామ్‌సంగ్ గెలాక్సీ ఫోన్లతోనే పనిచేస్తుంది. వివోకూ రియల్‌మీకీ వన్‌ప్లస్‌కూ పనికిరాదు, ఐఫోన్‌కు అసలే రాదు. దాని జాడను మోసేవి కూడా ఆ సదుపాయాన్ని ఆన్ చేసుకున్న గెలాక్సీ ఫోన్లే. మరోవైపు, గెలాక్సీ ఫోన్ ఉన్నవారికి రెండు దారులుంటాయి. సామ్‌సంగ్ ట్యాగ్ కొనుక్కోవచ్చు, లేదంటే గూగుల్ నెట్‌వర్కుకు చెందిన ట్యాగ్ కొనుక్కోవచ్చు.

గూగుల్ దారి

గూగుల్ ఈ నెట్‌వర్కును 2023 మే నెలలో ప్రకటించినా, 2024 ఏప్రిల్‌లో గానీ మొదలుపెట్టలేదు. తొలుత అమెరికా, కెనడాల్లో వచ్చి, ఆ తరువాత మిగతా దేశాలకు విస్తరించింది. మొదట ‘ఫైండ్ మై డివైస్’ అని ఉన్న పేరు 2025లో ‘ఫైండ్ హబ్’గా మారింది. అందువల్ల పాత పెట్టెల మీద ఒక పేరు, కొత్త పెట్టెల మీద మరో పేరు కనిపిస్తాయి. రెండూ ఒకటే.

ఈ కోవ ట్యాగులకు ఆండ్రాయిడ్ 9 లేదా ఆపై వెర్షన్ ఉన్న ఫోన్, గూగుల్ ఖాతా ఉంటే చాలు. ఫోన్ ఏ కంపెనీదన్న పట్టింపు లేదు. చిపోలో, పెబుల్‌బీ, మోటరోలా వంటి కంపెనీలు ఈ నెట్‌వర్కుకు ట్యాగులు తయారుచేస్తున్నాయి. గూగుల్ సేవలు లేని ఆండ్రాయిడ్ ఫోన్లు, అంటే ఇటీవలి హువావే ఫోన్ల వంటివి, ఇందులోకి రావు.

గూగుల్ ట్యాగ్ కొన్నవారు ఒక సెట్టింగు గురించి తెలుసుకుని ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందుగా పెట్టి ఉండేది, జనం రద్దీగా ఉండే చోట్ల మాత్రమే సాయపడే పద్ధతి. దాని ప్రకారం ఒక ట్యాగ్‌ను ఒక్క ఫోన్ చూసినంత మాత్రాన దాని స్థానం యజమానికి చేరదు. పలు ఫోన్లు చూసి ఉండాలి. ఒంటరిగా ఉన్న ఇంటి చిరునామా బయటపడకుండా చేసిన కట్టుబాటు ఇది. దీనివల్ల రైల్వే స్టేషన్‌లో పోయిన బ్యాగు త్వరగా దొరకవచ్చు, పొలం గట్టు మీద పడిపోయిన తాళాల జాడ మాత్రం చాలాసేపు తెలియకపోవచ్చు. ఫైండ్ హబ్ సెట్టింగుల్లో ‘అన్ని చోట్లా’ అన్నదాన్ని ఎంచుకుంటే ఆ ఫోన్ రద్దీ లేని చోట కూడా సాయపడుతుంది. అయితే అది పరులకు చేసే సాయం. యజమాని ఒక్కరు సెట్టింగు మార్చుకున్నంత మాత్రాన ఆయన తాళాలు తొందరగా దొరికిపోవు, చుట్టుపక్కల వారూ మార్చుకుని ఉండాలి.

రెండు వైపులా పనిచేసేవి

రెండు రకాల ఫోన్లకూ పనికొచ్చే ట్యాగులు లేకపోలేదు. అమెరికా కంపెనీ టైల్ తెచ్చిన ట్యాగులు ఈ రంగంలో యాపిల్, సామ్‌సంగ్‌ల కంటే ముందు నుంచీ ఉన్నాయి. టైల్‌కు సొంత యాప్ ఉంది, అది ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ నడుస్తుంది. కానీ టైల్ జాడను ప్రధానంగా మోసేది టైల్ యాప్ గానీ, దాని యజమాని సంస్థ లైఫ్360 యాప్ గానీ ఉన్న ఫోన్లే. అలాంటి యాప్ ఎవరూ వాడని ఊళ్లో టైల్ పోతే దాన్ని పలకరించేవారు ఉండరు. ఫోన్‌కు సరిపోవడం, జాడ దొరకడం వేర్వేరు సంగతులని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఆన్‌లైన్ అంగళ్లలో కొద్దివందలకే దొరికే పేరూ ఊరూ లేని ట్యాగులు ఈ ఉదాహరణకు చివరి మెట్టు. బ్లూటూత్ 4.0 ఉన్న ఏ ఫోన్‌తోనైనా అవి కలుస్తాయి. వెనుక నెట్‌వర్కు లేదు కాబట్టి ఇంట్లో తాళాలు వెతుక్కోవడం వరకే వాటి ఉపయోగం.

ఈమధ్య వచ్చిన మరో తరహా ట్యాగుల్లో రెండు నెట్‌వర్కుల సామర్థ్యమూ ఉంటుంది. పెబుల్‌బీ యూనివర్సల్ ట్యాగులు ఈ కోవలోవి. పెట్టుకునేటప్పుడు యాపిల్‌దో గూగుల్‌దో ఒకదాన్ని ఎంచుకోవాలి, ఒకేసారి రెంటిలోనూ ఉండడం కుదరదు. ఇవాళ ఐఫోన్ వాడుతూ రేపు ఆండ్రాయిడ్‌కు మారాలనుకునే వారికి మాత్రం ఇవి కలిసొస్తాయి. మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంటే అదే ట్యాగ్ కొత్త ఫోన్‌కు పనికొస్తుంది.

భారత మార్కెట్‌లో జియో ట్యాగులను చూస్తే పేరును ఎంత జాగ్రత్తగా చదవాలో తెలుస్తుంది. 2024లో వచ్చిన జియోట్యాగ్ ఎయిర్ ఐఫోన్‌లో యాపిల్ ఫైండ్ మైతో కలుస్తుంది. ఆండ్రాయిడ్‌లో జియోథింగ్స్ యాప్ ద్వారా పనిచేస్తుంది, అప్పుడు దానికి గూగుల్ నెట్‌వర్కు అండ ఉండదు. అదే ఏడాది చివర్లో వచ్చిన జియోట్యాగ్ గో గూగుల్ నెట్‌వర్కుకు చెందింది, ఐఫోన్‌కు పనికిరాదు. రెండూ ఒకే కంపెనీవి. పేరులో ఒక్క మాటే తేడా.

ఫోన్‌ను బట్టి మారే సదుపాయాలు

ట్యాగ్ ఫోన్‌తో కలిసినా అన్ని సదుపాయాలూ దొరుకుతాయన్న హామీ లేదు. వాటిలో ముఖ్యమైనది, ఎయిర్‌ట్యాగ్ దగ్గర ప్రస్తావించిన సదుపాయం, అల్ట్రా వైడ్‌బ్యాండ్. బ్లూటూత్ సంకేతం బలాన్ని బట్టి వస్తువు దగ్గర్లో ఉందో లేదో ఉజ్జాయింపుగా తెలుస్తుంది తప్ప ఏ దిక్కున ఉందో తెలియదు. అల్ట్రా వైడ్‌బ్యాండ్ చిప్ రేడియో సంకేతం పోయి రావడానికి పట్టే కాలాన్ని కొలిచి దూరాన్ని లెక్కగడుతుంది. ఫోన్ తెర మీద బాణం గుర్తుతో ‘ఇంకా రెండు మీటర్లు, కుడివైపు’ అని చూపించగలిగేది దీనివల్లే.

ఇందుకు ట్యాగ్‌లోనూ ఫోన్‌లోనూ ఆ చిప్ ఉండాలి. ఐఫోన్లలో 11 నుంచి వచ్చిన ప్రధాన మోడళ్లలో ఇది ఉంది. చవకగా వచ్చిన ఎస్ఈ మోడళ్లలో, 16ఈలో లేదు. సామ్‌సంగ్‌లో ఎస్21 నుంచి ఎస్24 వరకు చూస్తే ప్లస్, అల్ట్రా మోడళ్లలో ఉంది, మామూలు మోడళ్లలో లేదు. గూగుల్ పిక్సెల్‌లో 6 ప్రో నుంచి ప్రో మోడళ్లకు పెట్టారు. మధ్యతరగతి కొనే పదిహేను, ఇరవై వేల ఫోన్లలో ఇది సాధారణంగా ఉండదు. ఆ ఫోన్లు ఉన్నవారు బాణం గుర్తు కోసం ఎక్కువ ధర పెట్టి ట్యాగ్ కొంటే డబ్బు దండగ. వాళ్లకు కూత ఒక్కటే ఆధారం, కాబట్టి శబ్దం గట్టిగా వచ్చే ట్యాగ్ చూసుకోవడం మేలు.

రెండోది ఎన్ఎఫ్‌సీ. పోయిన ఎయిర్‌ట్యాగ్ ఎవరికైనా దొరికితే, దాన్ని ఎన్ఎఫ్‌సీ ఉన్న ఏ ఫోన్‌కైనా ఆనిస్తే ఒక వెబ్ పేజీ తెరుచుకుంటుంది. యజమాని ‘పోయింది’ అని గుర్తు పెట్టి ఫోన్ నంబరు ఇచ్చి ఉంటే అది అక్కడ కనిపిస్తుంది. ఇందుకు ఐఫోన్ అక్కర్లేదు, ఆండ్రాయిడ్ ఫోన్ సరిపోతుంది. మన దేశంలో చవక ఫోన్లు చాలావాటిలో ఎన్ఎఫ్‌సీ లేదు గనుక, ట్యాగ్ పక్కనే పేరూ ఫోన్ నంబరూ రాసిన చీటీ ఒకటి పెట్టడం పాత పద్ధతే అయినా పనికొస్తుంది.

అమెరికా ట్యాగ్, ఆంధ్రా ఫోన్

అమెరికాలో సగానికి పైగా ఐఫోన్లే. భారత్‌లో పదింట తొమ్మిదికి పైగా ఆండ్రాయిడ్ ఫోన్లు. ఈ తేడా తెలుగు కుటుంబాల్లో ఇట్టే బయటపడుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే పిల్లలు సెలవులకు వస్తూ నాలుగు ఎయిర్‌ట్యాగులున్న పెట్టె పట్టుకొస్తారు. అమ్మానాన్నలది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ఆ ట్యాగులు వాళ్ల చేతిలో బిళ్లలే.

పోనీ ట్యాగ్ పిల్లల ఖాతాలోనే ఉంచి అమ్మానాన్నల సూట్‌కేసులో పెడితే? జాడ అమెరికాలో ఉన్న పిల్లల ఫోన్‌లో కనిపిస్తుంది. శంషాబాద్ విమానాశ్రయంలో ఐఫోన్లకు కొదవ లేదు కాబట్టి అక్కడ చుక్క ఎప్పటికప్పుడు కదులుతుంది. ఊరు చేరాక, వీధిలో ఐఫోన్ లేకపోతే, చుక్క చివరిసారి కనిపించిన చోటే ఆగిపోతుంది. ఇంకో చిక్కూ ఉంది. యజమాని వెంట లేని ట్యాగ్ ఒకరితో పాటు ప్రయాణిస్తుంటే, దాన్ని ఆ మనిషిని రహస్యంగా వెంటాడే ట్యాగ్‌గా ఫోన్లు అనుమానిస్తాయి. నాన్నగారి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘తెలియని ట్రాకర్ మీతో వస్తోంది’ అని హెచ్చరిక రావచ్చు. యజమానికి దూరమైన 8 నుంచి 24 గంటల తరువాత ఎప్పుడైనా, కదిలించినప్పుడు ఎయిర్‌ట్యాగ్ తనంతట తానే కూయవచ్చు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచకపోతే పెద్దవాళ్లు కంగారుపడతారు.

ఇంట్లో అందరివీ ఐఫోన్లే అయితే ఈ చిక్కు లేదు. ఐఓఎస్ 17 నుంచి ఒక ఎయిర్‌ట్యాగ్‌ను మరో ఐదుగురితో పంచుకోవచ్చు. పంచుకున్న వారికి హెచ్చరికలు రావు. ఫైండ్ హబ్ ట్యాగులను కూడా ఆండ్రాయిడ్ ఫోన్లున్న ఇంటివారితో పంచుకోవచ్చు. ఐఫోన్, ఆండ్రాయిడ్ కలగలిసిన ఇంట్లో మాత్రం ఒక్కో వస్తువును ఎవరు ఎక్కువ వాడతారో వారి ఫోన్‌కు సరిపడే ట్యాగ్ కొనడమే తేలిక.

విమాన ప్రయాణికులకు ఐఫోన్ వైపు ఒక వీలు ఉంది. 2024 చివర్లో వచ్చిన ఐఓఎస్ 18.2తో, పోయిన వస్తువు జాడ చూపే లింకును విమానయాన సంస్థకు పంపే సదుపాయం వచ్చింది. వస్తువు చేతికందగానే గానీ, ఏడు రోజులకు గానీ ఆ లింకు దానంతటదే ఆగిపోతుంది. పలు అమెరికా, యూరప్ సంస్థలు దీన్ని అంగీకరిస్తున్నాయి. ఎయిర్ ఇండియా 2025లో దీన్ని తన యాప్‌లో చేర్చింది.

జనం ఉన్నా ఫోన్లు లేని చోటు

ట్యాగ్‌కు కావలసింది జనసమ్మర్దం కాదు, ఫోన్ల సమ్మర్దం. తిరుమల ఆలయంలోకి సెల్‌ఫోన్లు అనుమతించరు, భక్తులు వాటిని ముందే కౌంటర్లలో అప్పగిస్తారు. లోపల వేల మంది ఉన్నా అక్కడ పడిపోయిన ట్యాగ్ పలుకును వినే ఫోన్లు దాదాపు ఉండవు. అదే కొండ దిగువన బస్టాండులో పడిపోతే నిమిషాల్లో జాడ తెలిసే అవకాశం ఉంది. ఫోన్ ఉన్నా బ్లూటూత్, లొకేషన్ కట్టేసి ఉంటే అదీ లేనట్టే. చార్జింగ్ మిగులుతుందని వీటిని ఆపేసే అలవాటు చాలామందికి ఉంది. యజమాని ఫోన్‌లో అవి ఆపి ఉంటే పక్కనే ఉన్న తాళాలను కూడా కూయించలేరు.

అన్ని ఫోన్లకూ ఒకే నియమం

కంపెనీలు ఒక్క విషయంలో మాత్రం గోడలు తీసేశాయి. ఇతరుల బ్యాగులోనో బండిలోనో రహస్యంగా ట్యాగ్ పెట్టి వెంటాడే ఘటనలు, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో, పలు దేశాల్లో బయటపడ్డాయి. మొదట్లో ఐఫోన్ ఉన్నవారికే ఎయిర్‌ట్యాగ్ గురించి హెచ్చరిక వచ్చేది. ఆండ్రాయిడ్ వాడే బాధితులకు ఫోన్ ద్వారా తెలిసే దారి లేదు. వాళ్ల కోసం యాపిల్ 2021 డిసెంబరులో ఒక యాప్ తెచ్చింది గానీ, దాన్ని తెచ్చుకుని, తెరిచి, వెతికితే తప్ప అది చెప్పదు. 2023లో యాపిల్, గూగుల్ కలిసి ఉమ్మడి ప్రమాణం రూపొందించడానికి పూనుకున్నాయి. 2024 మే నుంచి ఆ ప్రమాణం ఐఓఎస్ 17.5లోనూ, ఆండ్రాయిడ్ 6.0, ఆపై వెర్షన్లలోనూ అమల్లోకి వచ్చింది. ప్రమాణాన్ని పాటించే ట్యాగ్ ఏ నెట్‌వర్కుదైనా, ఎవరి వెంట పడినా వారి ఫోన్ హెచ్చరిస్తుంది. ఆ ట్యాగ్‌ను కూయించి కనిపెట్టవచ్చు, బ్యాటరీ తీసి ఆపేయవచ్చు.

బ్యాటరీ, చేతులు మారడం

చాలా ట్యాగుల్లో వాడేది సీఆర్2032 అనే మూడు వోల్టుల బటన్ బ్యాటరీ. వాచీలు బాగుచేసే దుకాణాల్లో దొరుకుతుంది. చిన్నపిల్లలు మింగకుండా కొన్ని కంపెనీలు వీటికి చేదు పూత పూస్తాయి. ఆ పూత ఉన్నవి ఎయిర్‌ట్యాగ్‌లో పనిచేయకపోవచ్చని యాపిలే చెబుతుంది. పూత ఉన్నా లేకపోయినా బటన్ బ్యాటరీ మింగితే ప్రాణాపాయం. పిల్లలున్న ఇంట్లో మూత తేలిగ్గా ఊడిపోయే ట్యాగులను వాళ్లకు అందనివ్వకూడదు.

ఫోన్ మార్చేటప్పుడు ఒక వరుస పాటించాలి. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు వెళ్లేవారు ఎయిర్‌ట్యాగును పాత ఫోన్‌లోని ఫైండ్ మై నుంచి ముందే తొలగించాలి, ఆ సమయంలో ట్యాగ్ ఫోన్ దగ్గరే ఉండాలి. తొలగించకుండా ఇచ్చేస్తే అది పాత ఖాతాకే కట్టుబడి ఉంటుంది, పుచ్చుకున్నవారికి ఎందుకూ కొరగాదు. సెకండ్‌హ్యాండ్ ట్యాగ్ కొనేవారు డబ్బు ఇవ్వకముందే తమ ఫోన్‌లో నమోదు చేసి చూసుకోవాలి.

కొనేటప్పుడు చూడవలసిన వరుస ఇది. మొదట చేతిలోని ఫోన్ ఐఫోనా, గెలాక్సీనా, మరో ఆండ్రాయిడా అన్నది. తరువాత దాని వెర్షన్. ఆ తరువాత పెట్టె మీద ఫైండ్ మై, ఫైండ్ హబ్, సామ్‌సంగ్ వారి స్మార్ట్‌థింగ్స్ ఈ మూడింటిలో ఏ పేరుందన్నది. ఏ పేరూ లేకపోతే అది సొంత యాప్ మీదే ఆధారపడిన ట్యాగ్. వస్తువు ఎక్కువగా తిరిగే చోట ఎవరి చేతుల్లో ఏ ఫోన్లున్నాయన్నది చివరిది. ఐఫోన్ ఉన్నవారికి ఫైండ్ మై ట్యాగ్ తప్ప మంచి మార్గం లేదు, ఊళ్లలో దాని జాడ పలచబడుతుందని తెలిసి కొనుక్కోవాలి. గెలాక్సీ కాని ఆండ్రాయిడ్ ఫోన్లకు ఫైండ్ హబ్ ట్యాగ్ సరిపోతుంది. గెలాక్సీ ఉన్నవారు తదుపరి ఫోన్ కూడా సామ్‌సంగే తీసుకుంటామనుకుంటే స్మార్ట్‌ట్యాగ్, లేదంటే ఫైండ్ హబ్ ట్యాగ్ ఎంచుకోవచ్చు.